కారు కోసం రాసిన అర్జీలు

ఖలీల్ సాబ్ పోయారని తెలిసిన మూడో రోజున నేను నారాయణఖేడ్ వెళ్లాను. వాకిట్లో చాపల మీద కూర్చున్న మగవాళ్లు జరిగి దారి ఇచ్చారు. లోపలి గదిలో ఆయన భార్య గోడకు ఒరిగి కూర్చుని ఉంది. ఆమెను నేను చాచీ అని పిలుస్తాను. నా చేతులు పట్టుకుని కాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, “ఎట్లొచ్చినవ్ బేటీ, బస్సుకా?” అని అడిగింది. “లేదు చాచీ, కారుల. నేనే నడుపుకుంట వచ్చిన” అన్నాను. చాచీ నా ముఖం వైపు కొంచెంసేపు చూసి, “మరి రివర్స్ వచ్చిందా ఇప్పుడన్న?” అంది. అనేసి నవ్వింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. దుఃఖంతో మతి చలించిందేమోనని చుట్టూ ఉన్న ఆడవాళ్లు కంగారు పడ్డారు. కోడలు మంచినీళ్లు తెచ్చింది. నేనూ నవ్వడం మొదలుపెట్టేసరికి ఆ గ్లాసు ఎవరికివ్వాలో ఆ పిల్లకు అర్థం కాలేదు. ఆ నవ్వు వెనక ఉన్న కథలో నేను అంత గొప్పగా కనబడను. అందుకే ఇన్నేళ్లూ మా పిల్లలకు దాన్ని బాగా దిద్ది చెప్పాను. ఇప్పుడు దిద్దకుండా చెబుతాను.

మేం ఖేడ్ అని పిలిచే ఆ నారాయణఖేడ్‌లోనే, బస్టాండు వెనక సందులో మా ఇల్లు ఉండేది. ముందు గది బాపు కుట్టు దుకాణం, వెనక గది మా సంసారం. మధ్యలో గోడకు బదులు ఒక పరదా. తెల్లవారితే పరదాకు ఇటు అమ్మ జొన్న రొట్టె కొట్టే చప్పుడు, అటు బాపు మిషను చప్పుడు పోటీ పడేవి. తడిగుడ్డ మీద బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడు లేచే ఆవిరి వాసన, రొట్టె మాడిన వాసన కలిసిపోయి, మా బట్టలకూ పుస్తకాలకూ జడలకూ పట్టి ఉండేది. పంట మార్కెట్‌కు వచ్చే రోజుల్లో వాటి మీద కంది పొట్టు దుమ్ము ఒక పూత. బాపు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. దారం కొస పంటితో పట్టుకునే అలవాటు వల్ల, మాట వచ్చేసరికి చెప్పవలసింది చల్లారిపోయేది. ఎవరైనా గుమ్మంలో నిలబడితే ముఖం చూడకముందే భుజాలు చూసేవాడు. టేపు పట్టకుండానే కొలత చెప్పేవాడు. మా వంశం మొత్తంలో చక్రం ఉన్న వస్తువు ఆయన కుట్టుమిషను ఒక్కటే. ఆ ఇంట్లో పుట్టిన నాకు కారు మీద మోజు ఎలా పుట్టిందని అడిగితే, నిజం చెప్పాలంటే, అది వానలో పుట్టింది.

మా డిగ్రీ కాలేజీ ఊరి బయట ఉండేది. ఒక వానాకాలం పొద్దున, తెగిన చెప్పు చేత పట్టుకుని నేను నడుస్తుంటే, మా తరగతి శైలజ వాళ్ల నాయన జీపులో నన్ను దాటుకుంటూ పోయింది. బురద నా చీర మీద పడింది. ఆ అమ్మాయి పాపం చూడనేలేదు. చూసి నవ్వి ఉంటే అంత బాధ కలిగేది కాదు. ఆ మధ్యాహ్నం నలుగురిలో కూర్చుని, ఎవరూ అడగకుండానే, “డిగ్రీ అయ్యేలోపల నేను కారు కొంట” అని ప్రకటించాను. “నీకు సైకిల్ తొక్కుడే రాదు కదనే విజయా” అంది శైలజ. అందరూ నవ్వారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. “నా కోసం కాదు. మా బాపు కాలు మంచిగ లేదు. ఆయన నడవలేడు. ఆయన కోసం కొంట” అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఒకరిద్దరి కళ్లు చెమ్మగిల్లాయి కూడా. నిజానికి ఆ నెలలో బాపు బావి దగ్గర జారి మడమ బెణికించుకున్న మాట వాస్తవమే. పసుపు, సున్నం పట్టు వేస్తే పదిహేను రోజుల్లో తగ్గిపోయింది. అప్పటికే ఆయన రోజూ మార్కెట్ దాకా పోయి వస్తున్నాడు.

ఖేడ్ లాంటి ఊళ్లో మాట ఎంతసేపు ఆగుతుంది? నాలుగు రోజులకు చాయ్ హోటల్లో ఎవరో బాపును ఆపి, “నీ బిడ్డ నీ కాలు కోసం కారు కొంటదట గద, అదృష్టవంతుడివి” అన్నారట. బాపు ఇంటికి వచ్చి నన్ను ఏమీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి బజారులోకి పోతే కుంటడం మొదలుపెట్టాడు. ఇంట్లో మామూలుగానే తిరిగేవాడు. సందు మలుపు తిరగగానే కుడికాలు ఈడ్చేవాడు. ఒకరోజు అమ్మ చూసి హడలిపోయి దవాఖానకు పోదామంది. బాపు నోట్లో దారం తీసి, “ఏం లేదు, పిల్ల మాట ఇచ్చింది” అన్నాడు. పరదా వెనక నేను విన్నాను. విని, ఆ అబద్ధాన్ని వెనక్కు తీసుకోవలసింది పోయి, ఇంకా పట్టుదలగా సంపాదనలో పడ్డాను. ఆ వయసులో నేను అలాంటిదాన్ని.

ముందు ట్యూషన్లు చెప్పాను. ఒక మందుల దుకాణం ఆయన ఇద్దరు కొడుకులకు లెక్కలు చెప్పడం నా పని. నాలుగు నెలలకు పెద్దవాడికి లెక్కల్లో అంతకుముందు వచ్చిన మార్కుల కంటే తక్కువ వచ్చాయి. వాళ్ల నాయన మర్యాదస్థుడు, “మీకు చదువుల వత్తిడి ఉంటది బిడ్డా” అని నన్ను నా చదువుకే వదిలేశాడు. తర్వాత ఒక బట్టల దుకాణం కోసం మైకు పట్టాను. వారంలో ఒక రోజు ఆటోలో కూర్చుని కల్హేర్ సంత దాకా, “రండి అమ్మలారా, అక్కలారా” అని చీరల పేర్లు చదవడం. గొంతు బాగుందని దుకాణం వాళ్లు రికార్డు చేసి పెట్టుకున్నారు. దాంతో నా ఉద్యోగం పోయింది, నా గొంతు మాత్రం కొలువులో ఉండిపోయింది. చాలా కాలం నా గొంతు ఊరంతా తిరుగుతూ సంపాదించింది, నాకు మాత్రం ఏమీ రాలేదు. కాలేజీ కిటికీల పక్కనుంచి ఆ ఆటో వెళ్లినప్పుడల్లా తరగతి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసేది.

అలాంటి సమయంలో ఖలీల్ సాబ్ దొరికారు. తహసీలు కచేరీ బయట ఒక చిన్న మేజా, రెండు కుర్చీలు వేసుకుని, రైతులకు అర్జీలు రాసి పెట్టేవారాయన. కళ్లకు సుర్మా, చెవి మడతలో అత్తరు దూది, జేబులో మూడు కలాలు. జవానీలో హైదరాబాదులో ఒక వకీలు దగ్గర కారు డ్రైవరుగా పనిచేశారు. వకీలు కోర్టులో వాదిస్తుంటే బయట ఊరికే కూర్చోలేక కాగితాలు చదివి చదివి ఆ విద్య పట్టుకున్నారు. వకీలు ముసలితనంలో తన పాత కారును ఈయనకే ఇచ్చేశాడట. ఆ మీగడ రంగు కారు ఖలీల్ సాబ్ వాకిట్లో గుడ్డ కప్పుకుని ఉండేది. నేను చేరేనాటికి ఆయన రెండు కళ్లకూ పొర వచ్చింది. ఆపరేషన్ అంటే భయం. ఆయన చెబుతుంటే రాయడానికి చేయి కావాలి, నాకు కారు కావాలి. “కాలేజీ అయినంక రోజు వచ్చి రాయి. నీ పైసలు నా దగ్గరనే ఉండనీ. డిగ్రీ అయ్యేటాలకు గా కారు నీదే” అన్నారు. ఆ రోజు ఇంటికి నేను నడవలేదు, తేలుకుంటూ వెళ్లాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎంత రద్దీ ఉన్నా, వేలిముద్ర పెట్టించే ముందు కాగితంలో రాసిందంతా ఆ మనిషికి చదివి వినిపించాలి. “కాగితం మనది కాదు బేటీ, ఆయనది. ఆయన ఇననిది ఆయనదెట్లయితది?” అనేవారు. మొదట్లో చదివేదాన్ని. తర్వాత ఆయన మరో మనిషితో మాటల్లో ఉన్నప్పుడు చదవకుండానే వేలు సిరాలో ముంచేదాన్ని. ఎందుకంటే సాయంత్రం పని తొందరగా ముగిస్తే డ్రైవింగ్ నేర్పేవారు.

కళ్లు కనబడని గురువు దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పంట లేని రోజుల్లో ఖాళీగా ఉండే మార్కెట్ ఆవరణలో ఆయన నా పక్క సీట్లో కూర్చుని చెవితో నేర్పేవారు. “ఇంజను మూలుగుతుంది, గేరు మార్చు. ఇప్పుడు పాడుతుంది, గట్లనే పోనీ.” ఒక్కోసారి మసకగా ఏదో కనబడేది. “ముందట నల్లగ ఉన్నదేంది, బర్రెనా?” “కాదు చాచా, మనిషి. గొంగడి కప్పుకున్నడు.” “అయితే హారన్ కొట్టు, బర్రె అయితే ఆగుదుము.” రివర్స్ గేరు పడటానికి ఆ బండిలో ఏదో కిటుకు ఉండేది. “ముందుకు పోవుడు రానీ, వెనకకు తర్వాత చూద్దాం” అని ఆయన దాన్ని వాయిదా వేశారు. చాచీ గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ, వాకిట్లోకి వంకరగా వచ్చి ఆగే నన్ను చూసి నవ్వేది. బండిని వెనక్కి నెట్టి సరిచేయడం ఆమె, నేను కలిసి చేసే పని.

ఒక మధ్యాహ్నం కచేరీలోంచి గుమాస్తా ఒక కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. “ఖలీల్ సాబ్, గిదేంది? చచ్చిపోయినామె వేలిముద్ర ఎట్ల పెట్టింది?” అన్నాడు. ఆయన చూడలేరు కనుక నేను చూశాను. నా చేతిరాతే. నాగల్‌గిద్ద అవతల పల్లె నుంచి నర్సవ్వ అనే ముసలామె వచ్చి, మొగుడు పోయాడని, భూమి తన పేరు మీద ఎక్కించమని రాయించుకున్న అర్జీ అది. అందులో నేను ఇద్దరి పేర్లూ తారుమారు చేశాను. నర్సవ్వ మరణించినట్టు, ఆమె భర్త బతికి ఉండి భూమి కోరుతున్నట్టు, నా గుండ్రటి అక్షరాలతో ఎంతో అందంగా ఉంది, కింద వేలిముద్ర పక్కన మాత్రం నర్సవ్వ పేరే ఉంది. ఆ భూమి మీదే నర్సవ్వ మరిది కూడా ఒక అర్జీ పెట్టాడట. ఫైలు ఆ సాయంత్రం పైకి పోతుంది. కచేరీ మూసేలోపు ఆమె స్వయంగా వచ్చి కొత్త అర్జీ ఇస్తే అందులో చేరుతుంది, లేకపోతే మరిది కాగితం ఒక్కటే పోతుంది. నాగల్‌గిద్ద బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు పోయి తిరిగి వచ్చేసరికి కచేరీకి తాళం పడుతుంది.

ఖలీల్ సాబ్ నన్ను తిట్టలేదు. “సదివి ఇనిపించినవా?” అని మాత్రం అడిగారు. నేను సిరా బుడ్డికి మూత పెట్టాను. ఆయన లేచి చేతికర్ర తీసుకుని, “నడువు, బండి తీయి” అన్నారు.

“చాచా, నాకు సరిగ రాదు.”

“నాకు వస్తది, కనపడదు. నీకు కనపడ్తది, రాదు. ఇద్దరం కలిస్తే ఒక డ్రైవర్ అయితం. జల్దీ!”

ఆ రోడ్డు మీద నేను ఎలా నడిపానో నాకు గుర్తు లేదు. రెండు వైపులా కంది చేలు, ఎదురుగా వచ్చే ఎడ్లబండ్లు, చెవిలో ఆయన గొంతు. ఇంజను మూడుసార్లు ఆగింది. రెండుసార్లు గుంటల్లో, ఒకసారి నా భయంలో. పల్లె చేరాక ఎవరో చేయి చూపించిన సందులోకి నేరుగా పోనిచ్చాను. అది నర్సవ్వ గడప దగ్గర ముగిసిపోయే సందు. ఆమె కంది కట్టెలు కట్టగడుతోంది. కారు దిగి, “అవ్వా, జల్దీ నడువు, కచేరీల నీ కాగితంల తప్పు పడ్డది” అన్నాను. తప్పు పడ్డది అన్నాను, నేను చేశాను అనలేదు. తెలుగులో ఆ సౌకర్యం ఉంది, తప్పు తనంతట తానే పడుతుంది.

నర్సవ్వ చేతులు కడుక్కుని ఎక్కింది. అప్పుడు తెలిసింది, బండిని వెనక్కి తీయాలని. నేను గేరు కర్రను అన్ని వైపులా లాగాను. ఖలీల్ సాబ్ చెప్పే కిటుకు నా చేతికి రాలేదు. ఆయన చేయి వేస్తే కర్ర కిర్రుమంది తప్ప కదల్లేదు. చివరికి ఊళ్లోని మగవాళ్లు చేరి సందు పొడుగునా కారును వెనక్కి నెట్టారు. రోడ్డు మీదికి రాగానే, నెట్టినవాళ్లు తలుపులు తీసుకుని ఎక్కడం మొదలుపెట్టారు. “ఎక్కడికి అన్నా?” అంటే, “ఖేడ్‌కే గద. నెట్టినోళ్లం ఎక్కొద్దా?” అన్నారు. వెనక ఐదుగురు, ముందు ఖలీల్ సాబ్ పక్కన ఒక ముసలాయన, వెనక డిక్కీలో సగం బయటికి వేలాడే కందుల సంచి. నర్సవ్వకు కిటికీ పక్క చోటిచ్చారు. నాలుగు కిలోమీటర్లు పోయాక ఎందుకో అర్థమైంది. కారు ప్రయాణం ఆమెకు పడలేదు.

అంత కక్కుకుంటూ కూడా, మధ్యమధ్య తల లోపలికి తెచ్చి ఆమె నన్ను దీవించేది. “హౌదు, అవునమ్మా, నా సొంత బిడ్డ గూడ గిట్ల రాదు. నువ్వు సల్లగుండాలె తల్లీ.” ఒక్కో దీవెనకూ నా చేతుల్లో స్టీరింగు బరువెక్కింది. చెప్పేద్దామని నోరు తెరిచేదాన్ని. వెనక ఐదుగురు ఉన్నారు కదా అని మూసేదాన్ని.

ఖేడ్ రావాలంటే మా కాలేజీ ముందునుంచే రావాలి. ఎన్ని నెలలుగానో ఆ గేటు ముందు కారులో మెల్లగా వెళ్లడం ఊహించుకుంటూ నిద్రపోయినదాన్ని. ఆ రోజు వాళ్ల జీపు రాలేదేమో, శైలజ పుస్తకాలు గుండెకు హత్తుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. నిండా మనుషులతో, కిటికీలోంచి వాంతి చేసుకుంటున్న ముసలామెతో, సంచి వేలాడే డిక్కీతో వస్తున్న బండిని చూసి చేయెత్తింది. డ్రైవరు ముఖం ఎవరు చూస్తారు? “బస్టాండుకు ఎంత?” అని అరిచింది. “జాగ లేదు” అన్నాను. ఆపితే మళ్లీ స్టార్టు కాదన్న భయంతో అన్నాను గానీ, మైకులో వినీ వినీ ఊరంతటికీ తెలిసిన గొంతు అది. అద్దంలో చూస్తే ఆ అమ్మాయి చేయి ఇంకా గాల్లోనే ఉంది.

గుమాస్తా బీరువా మూస్తుండగా చేరాం. ఖలీల్ సాబ్ నిలబడే చెప్పారు, నేను కిటికీ గట్టు మీద కాగితం పెట్టి రాశాను. చదివి వినిపించాను. నర్సవ్వ బతికి ఉంది, మొగుడు చనిపోయాడు. ఆమె వేలిముద్ర వేసింది. కాగితం ఫైలులో చేరింది. ఆ తర్వాత వరండా మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని, వెనక ఎవరూ లేరని చూసుకుని చెప్పాను. “అవ్వా, ఆ తప్పు నేనే చేసిన. నీకు సదివి ఇనిపియ్యలే.”

నర్సవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. “ఎరికే బిడ్డా” అంది.

“ఎట్ల?”

“తప్పు లేనోళ్లు కారు తెస్తరా? ఉత్తరం ఏస్తరు.” మెట్టు మీదినుంచి లేస్తూ, “పో, ఏం కాలే. గానీ ఇంటికి నేను బస్సుకే పోత” అంది.

ఆ తర్వాత కారు కొనకుండా ఆ డబ్బుతో టీచరు చదువు చదివానని, అది నా త్యాగమని మా పిల్లలకు చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, ఆ రోజు తర్వాత నాలుగు రోజులు నా చేతులు పైకి లేవలేదు. శైలజ ఎత్తిన చేయి నా కళ్ల ముందునుంచి పోలేదు. డిగ్రీ అయ్యాక ఖలీల్ సాబ్ తాళం చెవి చేతిలో పెడితే, “వద్దు చాచా, నాకు భయం” అన్నాను. ఆయన పైసలు లెక్క తప్పకుండా ఇచ్చారు. కారు కల్హేర్‌లో ఎవరో కొనుక్కుని పెళ్లిళ్లకు తిప్పారని విన్నాను. ఆ వారంలోనే బాపు మామూలుగా నడుస్తూ బజారుకు పోయాడు. కాలు ఎట్ల తగ్గిందని అడిగినవాళ్లకు, “బిడ్డ మంచిగ చూసుకున్నది” అని చెప్పాడట.

ఇప్పుడు నా కారుకు వెనక కూడా కన్ను ఉంది. వెనక్కి తీస్తుంటే తెర మీద గీతలు వస్తాయి, ఏదైనా అడ్డం వస్తే అదే కూస్తుంది. కచేరీ బయట ఆ మేజాలు లేవు, కంప్యూటర్ సెంటర్లున్నాయి. కాగితం నిమిషంలో వస్తుంది. రైతు కిటికీ బయట నిలబడతాడు, లోపలివాళ్లు ఏం టైపు కొట్టారో అతనికి తెలియదు. ఈ పద్ధతి చెడ్డదని అనే హక్కు నాకు లేదు. మనిషి చేతిరాత ఏం చేయగలదో నేను చేసి చూపించినదాన్ని. ఆ రోజులు గొప్పవనీ అనలేను. అప్పటి నన్ను ఇప్పుడు మా ఇంట్లో పనికి పెట్టుకోమంటే పెట్టుకోను.

ఆ అర్జీ పెట్టిన రెండు నెలలకు నర్సవ్వ మేజా దగ్గరికి వచ్చింది. బస్సుకే వచ్చింది. నడుముకు చుట్టుకున్న గుడ్డ మూట విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. భూమి ఆమె పేరు మీదికి ఎక్కింది. ఆ మాట గుమాస్తా చెప్పాడట, బస్సులో ఒక మాస్టరు కూడా చూసి చెప్పాడట. అయినా నా ముందు కుర్చీలో కూర్చుని, “నువ్వు సదువు. తప్పుంటే నీకే తెలుస్తది” అంది. ఖలీల్ సాబ్ చేతికర్ర పక్కన పెట్టి, కళ్లు మూసుకుని కూర్చున్నారు. నేను మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా, గొంతు ఎత్తి, నెమ్మదిగా చదివాను. చదవడం అయిపోయాక కూడా ఆమె కాగితం తీసుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, చెవి కొంచెం ముందుకు వంచింది.

“ఇంకొక్కసారి సదువు బిడ్డా. నా పేరు కాడికెల్లి సదువు.”

చదివాను.